మొండయ్య మగ్గం ఆగిన పూట

సోమవారం తెల్లవారుజామున, కోళ్ళు ఇంకా గొంతు సవరించుకోకముందే, మొండయ్య గొంగడి ముసుగేసుకొని పెరటి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజుకు అతను వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. తాను వెనక గల్లీలోంచి జారుకొని చేనేత సొసైటీ షెడ్డుకు పోవాలి. భార్య రాజవ్వ ఇంట్లో మగ్గం గుంతలో కూర్చొని పొద్దుగూకేదాకా టకటకలాడించాలి. వీధివాళ్ళు ఆ చప్పుడు విని మొండయ్య ఇల్లు కదలలేదనుకోవాలి. దీపాలు పెట్టేవేళకు అదే ముసుగులో తిరిగి రావాలి. అంతే. ఇంత చిన్న ఉపాయానికి గొంగడిని మూడుసార్లు ఎందుకు సర్దుకున్నాడో మాత్రం అతనికి అర్థం కాలేదు.

"తాళం తప్పకే. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. మల్ల రెండు దెబ్బలు, ఒక ఆగుడు. యాదికుంటదా?" అన్నాడు.

"ఇరవయ్యేండ్ల సంది ఇనుకుంటనే ఉన్న. నీ గురక మర్చిపోతనేమో గని నీ మగ్గం మర్చిపోతనా? ఎవలన్న వచ్చి నువ్వేడున్నవని అడిగితే ఏం జెప్పాలె?"

"అడుగరు. మగ్గం ఆడుతాంటే మనిషి ఉన్నట్టే గదా. తలుపు మాత్రం దియ్యకు. దేవుడొచ్చి పిలిచినా దియ్యకు."

ఆ మాట అని మొండయ్య చీకట్లో కలిసిపోయాడు. రాజవ్వ ముందు తలుపుకు గొళ్ళెం పెట్టింది. గొళ్ళెం చాలదనిపించి రోకలి అడ్డం పెట్టింది. రోకలి కూడా చాలదనిపించి కులదైవం భావనారుషికి దండం పెట్టింది.

కొత్తవాడ ఆరో గల్లీలో మనిషి ఉన్నాడో లేడో చూసి తెలుసుకునే అలవాటు ఎవరికీ లేదు, వినే తెలుసుకునేవారు. ఇంటికొక మగ్గం, మగ్గానికొక నడక. ఫలానావాడు పొలమారాడని, ఫలానావాడు పెండ్లాంతో పోట్లాడి మగ్గం ఎక్కాడని, పక్కింటివాళ్ళు అన్నం ముద్ద కలుపుతూనే చెప్పగలిగేవారు. ఇక వీధిలో ఎవరైనా పోతే, కబురు చెప్పడానికి మనిషిని పంపే పని లేదు. చచ్చినవాడి మగ్గం ఆగేది. అది విని పక్క మగ్గం ఆగేది. దాన్ని విని ఆ పక్కది. కాసేపట్లో వాడంతా నిశ్శబ్దమయ్యేది. శవం లేచేదాకా, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఒక్కటి కూడా కదిలేది కాదు. అది తాతలనాటి మర్యాద.

మూడేండ్ల కిందటి వరకు వీళ్ళంతా పగలు సొసైటీ నూలును షెడ్డులోనూ, తెల్లవారుజామునా సాయంత్రం సొంత నూలును ఇంటి మగ్గం మీదా నేసేవాళ్ళు. ఒక వానాకాలం గాలికి షెడ్డు రేకులు లేచిపోతే, బాగు చేయించేదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు నేసుకోండని సొసైటీ వాళ్ళే చెప్పారు. సర్కారు బాగు సర్కారు బాగే కదా, మూడేండ్లు పట్టింది. ఈలోగా జనం ఇంటికి అలవాటు పడిపోయారు. ఆకలైనప్పుడు తినడం, నిద్ర వచ్చినప్పుడు గుంతలోనే తల వాల్చడం, పెండ్లాం దారం కండెలు చుడుతూ పెట్టే చివాట్లు వింటూ, సర్కారు చవకగా అమ్మే జనతా చీరెలు నేయడం. సుఖమంటే అదే అనుకున్నారు. అప్పుడు రాజేశ్వర్ రావు అని కొత్త మేనేజరు వచ్చాడు. షెడ్డు మీద కొత్త రేకులు మెరుస్తున్నాయి, సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు హాజరు పట్టీలో పేరు పడనివాడికి ఇకమీదట నూలు లేదు, అని కాగితం అంటించాడు.

ఆదివారం పొద్దుటి పూట కులపెద్ద యాకయ్య అందరినీ పిలిచాడు. నాడె మధ్యలో పెట్టి, ఒక్కొక్కడి చేత దాన్ని ముట్టించి ఒట్టు పెట్టించాడు. "షెడ్డుకు పోము, ఇంటి మగ్గం ఆపము. ఒట్టు దప్పినోనికి నిప్పు బంద్, నీళ్ళు బంద్, పడుగు పట్టేందుకు చెయ్యి బంద్" అన్నాడు. నిప్పూ నీళ్ళూ ఎలాగో సంపాదించుకోవచ్చు. పడుగు మాట అట్లా కాదు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు దారాలు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలంటే ఇరవై చేతులు కావాలి. వీధి చెయ్యి విడిస్తే నేతగాడి బతుకు ఆ పూటే తెగిపోయిన దారం.

మొండయ్య నాడె ముట్టాడు. ఇంటికి వచ్చి నూలు డబ్బా మూత తీసి చూశాడు. అడుగు కనిపించింది. నూలు లేకపోతే ఈ నెల తిండి లేదు. షెడ్డుకు పోతే వీధి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, మొండయ్యకు రెండింటిలోనూ నీళ్ళు లేవు. అందుకే ఆ గొంగడి ముసుగు.

రాజవ్వ భయం మాత్రం ఆ నూలు గురించి కాదు. ఆమెకు ఏడేండ్లప్పుడు పరకాలలో మేనమామ సారంగపాణిని కులం వెలివేసింది. ఏ తప్పు చేశాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. వెలిలో ఉండగానే పోయాడు. శవం పొద్దంతా వాకిట్లో ఉంది. ఒక్కరు రాలేదు. కానీ ఆమెకు గుర్తున్నది అది కాదు. ఆ రోజు వీధిలో ఒక్క మగ్గం కూడా ఆగలేదు. అతని భార్య ఏడుస్తుంటే చుట్టూ టకటక, టకటక. ఆ చప్పుడు రాజవ్వ చెవుల్లోంచి ఇన్నేళ్ళకూ పోలేదు.

ఆ చప్పుడునే తలుచుకుంటూ ఆమె గుంతలోకి దిగింది.

ఇరవయ్యేండ్లు వినడం వేరు, ఒక్క పూట నేయడం వేరు. కుడికాలు తొక్కినప్పుడు లేవాల్సిన దారాలు ఎడమకాలికి లేచాయి. తాడు గుంజితే నాడె సగం దాకా పోయి, దారిలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. వేలితో నెట్టింది. రెండు దెబ్బలు, ఒక ఆగుడు అనుకుంటే, ఒక దెబ్బ, మూడు ఆగుళ్ళు, ఒక శాపనార్థం వచ్చాయి. కాసేపటికి చెయ్యి తిరిగింది. తిరిగిందని సంతోషపడుతుండగా వీధిలో మిగతా మగ్గాలు మొదలయ్యాయి.

ఆమె చెవి ఒగ్గి వింది. రోజూ వినే మగ్గాలే. కానీ ఈ రోజు ఏదీ రోజూ వినేలా లేదు. ఒకటి కుంటుతోంది, ఒకటి నత్తిగా కొడుతోంది, ఎదురుగా యాకయ్య ఇంట్లోది మెట్లు దిగుతున్న మేకలా దడదడమని ఆగిపోతోంది. 'భయానికి నా చెవులు పాడైనయి' అనుకుంది రాజవ్వ.

తలుపు సందులోంచి చూసింది. ఎదుటి వరసలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. తెల్లవారగానే తలుపులు బార్లా తీసి, వెలుతురు కోసం మగ్గాన్ని వీధికి చూపించే ఇండ్లు అవి. ఈ రోజు ఒక్క తలుపూ తెరవలేదు.

'తెల్సిపోయింది. వీళ్ళకు తెల్సిపోయింది. నా మొఖమ్మీద తలుపులేసుకున్నరు. వెలి మొదలైంది.'

గబగబా గుంతలోకి తిరిగి దిగింది. మగ్గం మళ్ళీ అందుకుంది.

ఒక్క గడప మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంది. అది పక్కింటి కట్టమ్మది. ఎనభయ్యేండ్ల ముసలి, పిల్లాజెల్లా ఎవరూ లేరు, కళ్ళకు పొర కమ్మి పదేండ్లయింది. కళ్ళలో తగ్గిందంతా చెవుల్లో పెరిగింది. పొద్దున్నే అరుగు మీద కూర్చొని, తమలపాకు దంచుకుంటూ, వీధి మొత్తాన్ని వినడమే ఆమె పని.

"ఓ మొండయ్యా! ఇయ్యాల దగ్గుతలేవేందిరా కొడకా?"

రాజవ్వ ప్రాణం గుంతలోకి జారింది. నిజమే. దూది పొట్టుకు మొండయ్య ఇరవై పోగులకొకసారి దగ్గుతాడు. ఆ సంగతి ఉపాయంలో లేదు. గొంతు లావు చేసుకొని గట్టిగా దగ్గింది.

"ఇదేం దగ్గురా? బర్రె ఈనుతానట్టున్నది!"

ఇక తప్పదని రాజవ్వ గుంతలోంచి లేచి తలుపు దగ్గరికి పోయింది. "పెద్దగేం లేదత్తా. జర జరమొచ్చింది."

"జరమొత్తే మగ్గమెందుకెక్కిండు?"

"నా మాట ఇంటలేడత్తా."

"అవునుగని రాజీ, నువ్వు నోరు దెరువంగనే వాని మగ్గమెందుకాగుతాంది?"

రాజవ్వ గోడ పట్టుకుంది. "నేను మాట్లాడేది ఇనబడదని ఆపుతాండత్తా."

"ఇరవయ్యేండ్లల ఎన్నడన్న ఇన్నడా నీ మాట? జరం నెత్తికెక్కినట్టున్నది!"

ఈసారి రాజవ్వ తెలివి చేసింది. గుంతలోకి ఉరికి, నేస్తూనే అక్కడి నుంచి గొంతు పెంచి జవాబు చెప్పింది. కాళ్ళు తొక్కుతూ, తాడు గుంజుతూ మాట్లాడేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. "ఏం... ఫికర్... జెయ్యకు... అత్తా!"

"నేసేటోడు వాడైతే ఒగర్చేది నువ్వా? ఉండు, మిరియాల కషాయం కాసుకొస్త. తలుపు దియ్యి, నెత్తి ముట్టి చూత్త."

కట్టమ్మ చేతులకు చూపుంది. ముట్టిందంటే మొండయ్య తల కాదని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. రాజవ్వకు కళ్ళు తిరిగాయి. ఆ తిరుగుడులో నోటికి అందిన అబద్ధం పట్టుకుంది.

"రాకత్తా! అమ్మవారు పోసింది!"

అవతల రోలు చప్పుడు ఆగిపోయింది. అబద్ధం బాగానే పనిచేసిందని రాజవ్వ ఊపిరి పీల్చుకుంది. కానీ అబద్ధమనేది చుట్టం లాంటిది, ఒంటరిగా రాదు.

"అమ్మవారు పోసిన మనిషి గుంతల కాళ్ళు వెట్టి నేసుడా?" కట్టమ్మ గొంతు పెరిగింది. "ఇంటికొచ్చిన తల్లిని ఇట్లనేనా చూసేది? దింపు వాణ్ణి! ఏపాకుల మీద పండవెట్టు! మగ్గమాపు ముందుగాల!"

మగ్గం ఆపితే మొండయ్య లేడని వీధికి తెలుస్తుంది. ఆపకపోతే అమ్మవారికి అపచారం. రాజవ్వ మధ్యలో ఇరుక్కొని, దేనికీ కాకుండా, మెల్లగా నేసింది.

"దిగనంటాండత్తా!"

"మొండోడు! పేరు ఊకెనే పెట్టిండ్రా వీనికి!" అని కట్టమ్మ కర్ర అందుకొని వీధి మధ్యలోకి నడిచింది. "ఓ మొగిలమ్మా! ఓ సరోజనా! ఓ అనసూయా! మొండయ్యకు అమ్మవారు పోసిందంట, మగ్గం దిగుతలేడట! ఏపాకు దెండ్రే!"

యాకయ్య ఇంట్లో మగ్గం ఒక్క క్షణం ఆగింది. "అయ్యో తల్లీ!" అని అతని భార్య మొగిలమ్మ గొంతు మూసిన తలుపు వెనకనుంచి వచ్చింది. మగ్గం మళ్ళీ దడదడలాడింది. సరోజన ఇంట్లోనూ అంతే. అనసూయ ఇంట్లోనూ అంతే. ఒక్కరూ బయటికి రాలేదు.

రాజవ్వకు ఏడుపొచ్చింది. మొగిలమ్మ మామూలు మనిషా? పిల్లి ఈనినా పురుడు పోయడానికి పరుగెత్తుకొచ్చే మనిషి. అటువంటి మనిషి అమ్మవారు పోసిందన్నా గడప దాటలేదంటే ఇంకేం కావాలి? వెలి కాదా ఇది? పరకాల వీధి వచ్చి కొత్తవాడలో కూర్చున్నట్టనిపించింది. చుట్టూ టకటక, టకటక.

ఆ దుఃఖంలో తాడును ఎంత బలంగా గుంజిందో ఆమెకు తెలియదు. నాడె మగ్గం దాటి ఎగిరి, మూలనున్న ఇత్తడి బిందెను ఠంగున కొట్టింది. బిందె దొర్లింది. నాడె వెంట పోయిన దారం పడుగును చీల్చుకుంటూ నలభై యాభై పోగులను పటపట తెంపేసింది. ఆ అదురుకు నోరు తెరిస్తే ఇంత దూది పొట్టు గొంతులో పడింది. ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గి, తెగిన పడుగును చూసి, "అయ్యో! నేనేం జేతునే! ఇగ నేనెట్ల బతుకుదునే!" అని గొల్లుమంది.

తరువాత మగ్గం ఆడలేదు. ఆడించడానికి పడుగే లేదు.

వీధిలో కట్టమ్మ కర్ర చప్పుడు కూడా ఆగింది.

"మొండయ్యా!" అని పిలిచింది. జవాబు లేదు. "ఒరే మొండయ్యా!" అంది. జవాబు లేదు. మూడోసారి మెల్లగా, "కొడకా..." అంది.

పడుగు తెగిన చప్పుడు, బిందె పడిన చప్పుడు, గొంతు మూసుకుపోయిన దగ్గు, ఆడమనిషి గొల్లుమనడం, ఆపైన నిశ్శబ్దం. ఎనభయ్యేండ్లు విన్న చెవులకు ఇంతకంటే ఏం చెప్పాలి? కట్టమ్మ వీధి మధ్యలోనే కూలబడి, రెండు చేతులు పైకెత్తి శోకం అందుకుంది.

"ఓ కొడకా మొండయ్యా! నన్ను మొయ్యవలసినోడివి నువ్వే ముందు వోతివా కొడకా! అమ్మవారిని ఎదిరిచ్చి పోతివా కొడకా!"

రాజవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. లేచిపోయి 'లేదత్తా, బతికే ఉన్నడు' అని అరవాలనుకుంది. అరిస్తే చూపించమంటారు. చూపించాలంటే మనిషి ఏడి? చచ్చాడంటే పాపం, బతికున్నాడంటే ద్రోహం. తన మొగుడు తన నోటితో చావలేక, తన నోటితో బతకలేక మధ్యలో వేలాడుతున్నాడు.

అప్పుడు ఎదురింటి మగ్గం ఆగింది.

ఆమె చెవులు నిక్కబొడుచుకున్నాయి. సరోజన ఇంటిది ఆగింది. అనసూయది ఆగింది. కొసన ఉన్న రెండూ ఆగాయి. వెనక గల్లీలో ఒకటి, దాని పక్కన ఇంకొకటి. నీళ్ళు ఇంకిపోయినట్టు, చప్పుడు ఒక్కో ఇంటి నుంచి ఇంకిపోయింది. కొత్తవాడ మొత్తంలో కట్టమ్మ శోకం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

గుంతలో కూర్చొని రాజవ్వ ఆగిన మగ్గాలను వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ లెక్కలోనే ఆమెకు ఒక మాట తోచింది. మేనమామ పోయిననాడు ఒక్కటి ఆగలేదు. ఈయన పోకముందే అన్నీ ఆగినయి. అంటే వెలి లేదు. వెలి లేదన్న సంతోషం వచ్చిన మరుక్షణమే, లేని చావుకు ఇంతమంది చేత మగ్గాలాపించానే, ఇది తెలిస్తే వెలి తప్పదు కదా అన్న భయం రెట్టింపై వచ్చింది.

సైకిలు గంట మోగింది. సొసైటీలో హాజరు రాసే భాస్కర్ ఎందుకో వీధిలోకి వచ్చాడు.

"ఏమైందవ్వా? ఎవల కోసం ఏడుస్తాన్నవ్?"

"ఇంకెవల కోసం బిడ్డా! మొండయ్య పోయిండు!"

"ఎప్పుడు?"

"ఇప్పుడే! ఇగ సల్లవడ్తాండు!"

భాస్కర్ ఇంకేమీ అడగలేదు. ఏ పని మీద వచ్చాడో అదీ చెప్పలేదు. సైకిలు తిప్పుకొని పోయాడు. 'అయిపాయె, సొసైటీల పేరు కొట్టేస్తరు. సచ్చినోనికి నూలెవ్వలిస్తరు?' అని రాజవ్వ తలుపుకు చేరబడింది. తలుపవతల గాజుల చప్పుడు వినిపించింది. వీధి ఆడవాళ్ళంతా చేరారు.

"రాజక్కా! తలుపు దియ్యే!" అంది సరోజన, ఏడుపు గొంతుతో.

"పాపం, ఒంటరిగ శవం ముంగట కూసున్నది. సొమ్మసిల్లిందేమో" అంది మొగిలమ్మ. "నేను జప్పున రాకపోతి. నా పాపం ఏడవెట్టుకోవాలె!"

"ఏడుసుడు తర్వాత" అని కట్టమ్మ కర్రతో నేలను కొట్టింది. "తలుపు పగలగొట్టాలె. కట్టెలు తేవాలె. మీ మొగోళ్ళను విలువుండ్రి."

ఎవరూ కదల్లేదు.

"మొగిలమ్మా, కులపెద్ద పెండ్లానివి. యాకయ్యను విలువు."

"ఆయనకు... నడుం వట్టిందత్తా. లేత్తలేడు."

"ఇప్పటిదాక మగ్గం ఆడె గదనే?"

"ఆడంగనే వట్టింది."

"సరోజనా, నీ మొగడు సమ్మయ్యేడి?"

"డోర్నకల్ పోయిండవ్వా. చుట్టాలింటికి."

"ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న వోతే, పొద్దుగాల మీ ఇంట్ల మగ్గం నేసిందెవలు? డోర్నకల్ కెంచి నేసిండా?"

సరోజన అరచేతులు కొంగులో దాచుకుంది. కట్టమ్మ అనసూయ వైపు తిరిగింది. అనసూయ మొగుడి కాలు బెణికిందట. ఆ పక్కావిడ మొగుడు రామప్ప గుడికి మొక్కు తీర్చడానికి పాలంపేట పోయాడట. ఇంకో ఆవిడ మొగుడు నిద్రపోతున్నాడట, లేపితే కొడతాడట. మొగవాళ్ళలో ఒక్కడు కూడా నిలబడే స్థితిలో లేడు.

కట్టమ్మ ఒక్కో ఆడమనిషినీ దగ్గరికి లాగి తల తడిమింది. మొగిలమ్మ జుట్టు నిండా దూది పొట్టు. సరోజన చెయ్యి పట్టుకుంది, అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. అనసూయ చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి ఉంది, గుంతలో కూర్చునేవాళ్ళు ఎగ్గట్టుకున్నట్టు.

"నీ తల్లి కడుపు సల్లగుండ" అంది కట్టమ్మ మెల్లగా. "నా చెవులకు రోగమొచ్చిందనుకున్న. ఈదంత తాగినోని నడక నడుత్తాందేందని పొద్దటి సంది పరేషాన్ అయితాన్న. మీరా నేసింది?"

లోపల రాజవ్వకు ఈ మాటలన్నీ వినిపించాయి. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి మనసులో తిప్పుకుంటే అర్థమైంది. రోకలి తీసింది. గొళ్ళెం తీసింది. తలుపు తెరుచుకుంది. గడప మీద దూది పొట్టు జుట్టుతో, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన చీరతో, చేతిలో తెగిన పోగులతో నిలబడిన రాజవ్వను చూసి, అచ్చం అట్లాగే ఉన్న ఆడవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

"రాజక్కా, బావ శవమేది?" అంది సరోజన.

"షెడ్డుల ఉన్నది" అంది రాజవ్వ. "పొద్దుగాల ఐదింటికి నడుసుకుంట పోయింది."

మొగిలమ్మ గడప మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి ఆమె కడుపులోంచి లేచింది. "మా ఆయన నాలుగింటికే పోయిండే! నాకు చెప్పుకుంట కాళ్ళు వట్టుకున్నడు. ఈదికి తెలిస్తే కులపెద్ద పరువు వోతదని!"

ఆ నవ్వు ఇంకా వీధి దాటకముందే, మూల మలుపు నుంచి గావుకేకలు వినిపించాయి. ముందు మొండయ్య, గొంగడి ఎక్కడో జారిపోయింది, గుండెలు బాదుకుంటూ పరుగెత్తి వస్తున్నాడు. "ఓ రాజవ్వా! నన్నిడిసి పోతివానే! తలుపు దియ్యకని నేనే సెప్తినే! నేనే నీ పానం దీత్తినే!" అతని వెనక సమ్మయ్య, ఆ వెనక వీధి మొగవాళ్ళంతా, మెడలో షెడ్డు హాజరు బిళ్ళలు ఊగుతుండగా వస్తున్నారు. అందరికంటే వెనక, నడుం పట్టిందన్న యాకయ్య లేడిపిల్లలా గెంతుతూ వస్తున్నాడు.

గడప మీద రాజవ్వను చూసి మొండయ్య నిలువునా ఆగిపోయాడు. వెనకవాళ్ళు వచ్చి అతని మీద పడ్డారు.

"నువ్వు సావలేదా?" అన్నాడు మట్టిలోంచి లేస్తూ.

"సచ్చింది నువ్వు" అంది రాజవ్వ. "నేనెందుకు సత్త?"

"భాస్కర్ వచ్చి మొండయ్య సచ్చిండన్నడు. నేను బతికే ఉంటి. ఇంట్ల ఉన్నది ఇద్దరమాయె. నేను కాకపోతే ఇగ సచ్చింది నువ్వే గదా అనుకున్న!" అని మొండయ్య మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సుఖంగా. ఆమె జుట్టులోంచి దూది పొట్టు ఒకటి తీసి, ఏం చెయ్యాలో తెలియక తన జేబులో పెట్టుకున్నాడు.

"నీ కోసరం ఈదంత ఆగిందయ్యా" అంది రాజవ్వ, అతనికి మాత్రమే వినిపించేలా. "ఒక్క మగ్గం ఆడలే."

"అన్నీ ఆగినయా?"

"అన్నీ."

మొండయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కొంచెం నిటారుగా నిలబడ్డాడు కూడా.

ఇక మిగిలింది యాకయ్య. అందరి చూపులూ అతని మెడలోని బిళ్ళ మీదే ఉన్నాయి. అతను బిళ్ళను అంగీలోపలికి తోసుకొని గొంతు సవరించాడు.

"గేటు కాడ మొట్టమొదట ఉన్నది యాకయ్య బావనే" అన్నాడు సమ్మయ్య. "నేను మొఖం దాసుకొని పోతే, స్తంభం ఎన్క ఆయన అంతకుముందే మొఖం దాసుకొని ఉన్నడు."

"మనమేం ఒట్టు వెట్టుకున్నం?" అన్నాడు యాకయ్య గంభీరంగా. "ఇంటి మగ్గం ఆపం అని వెట్టుకున్నం. ఆపినమా? ఇంటింట మగ్గం ఆడింది. ఒట్టు నిలవడ్డది."

"దానికి ముందు ఇంకో సగం ఉండెనేమోరా?" అంది కట్టమ్మ.

"అది... గట్టిగ యాదికి లేదు చిన్నవ్వా."

అప్పుడే మేనేజరు రాజేశ్వర్ రావు స్కూటరు మీద వచ్చాడు. చనిపోయిన సభ్యుడికని చౌరస్తాలో బంతిపూల దండ కొని తెచ్చాడు. చనిపోయినవాడే ఎదురొచ్చి నమస్తే పెట్టేసరికి దండ ఏం చెయ్యాలో తోచలేదు. భాస్కర్ తలవంచుకొని సైకిలు పట్టుకొని నిలబడ్డాడు. తాను వీధికి వచ్చింది ఒక్క మాట చెప్పడానికేనట. మగవాళ్ళెవరూ సద్ది తెచ్చుకోలేదు, పన్నెండింటికి అన్నం గిన్నెలు షెడ్డుకు పంపండని ఆడవాళ్ళతో చెప్పిరమ్మన్నారట. ఆ ఒక్క మాట నోట్లోంచి రాకముందే చావు కబురు అందిందట.

మేనేజరు రాజవ్వ ఇంట్లోకి తొంగిచూశాడు. మగ్గం మీద మూరెడు బట్ట ఉంది. అందులోంచి అవతలి గోడ కనిపిస్తోంది. కట్టమ్మ దాన్ని వేళ్ళతో తడిమి, "పిండి జల్లెడకు మంచిగనే ఉంటది" అంది. మేనేజరు మొగిలమ్మ బట్ట చూశాడు. కొంచెం నయం. సరోజనది ఇంకొంచెం నయం.

"నేర్పితే పది రోజుల్లో నేస్తారు" అన్నాడు మేనేజరు తనలో తాను. తరువాత పైకి, "షెడ్డులో మగవాళ్ళు, ఇంటి మగ్గం మీద ఆడవాళ్ళు. రెండు పేర్లు రాయించుకోండి, రెండు పాళ్ళు నూలిస్తాను" అన్నాడు.

మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆడవాళ్ళు వాళ్ళ మొహాలు చూడలేదు, అరచేతుల్లో బొబ్బలు చూసుకున్నారు.

"మరి అన్నమెవలు వండాలె?" అన్నాడు సమ్మయ్య.

"ఆపకుంట నేస్తమని మీ కులపెద్ద ఒట్టు వెట్టించిండు గదా" అంది మొగిలమ్మ. "నాడె ముట్టి వెట్టిన ఒట్టు. నడుం వట్టినోణ్ణే వండుమను."

మరునాడు పొద్దున్నే వీధి వీధంతా వచ్చి, ఇరవై చేతులు వేసి, రాజవ్వ తెంపిన పడుగును అతికింది. బంతిపూల దండను ఆమె మగ్గానికే వేసింది. కట్టమ్మ అరుగు మీద కూర్చొని కొత్త నడకలన్నీ మొదటి నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టింది.

అనుమతి లేకుండా షెడ్డు విడిచినవాళ్ళందరికీ ఆ సోమవారం సగం పూట కోత పడింది. కారణం రాయాల్సిన గడిలో భాస్కర్ మిగతావాళ్ళకు 'సంతాపం' అని, మొండయ్యకు 'మరణం' అని రాసి, దాని కిందే 'మంగళవారం ఎనిమిదింటికి హాజరు' అని రాసుకున్నాడు.